మానని కాలిపుండు - లొంగని క్రిములు

గుంటూరుకు దక్షిణమున ప్రత్తిపాడు పరిసరములలో ఉన్నవి నల్లరేగడి భూములు. ప్రత్తి తీయువారు, మిరపకాయలు కోయువారు ఉదయము మొదలు సాయంకాలము వరకు అచట నిలువుకాళ్లమీద పనిచేయుదురు. ముల్లు గ్రుచ్చుకొనుట, పార తగులుట, ప్రత్తికట్టె గీచుకొనుట వారికి వింత కాదు. అట్టి గాయము సామాన్యముగా పది పదునైదు దినములలో మానిపోవును. కాని కొందరికి, ముఖ్యముగా నడివయస్సు దాటినవారికి, చీలమండకు పైభాగమున ఏర్పడిన చిన్నగాయము నెలలు గడచినను మానదు. అంచులు గట్టిపడును, చుట్టునున్న చర్మము నల్లబారును, రసి కారును, దుర్వాసన వచ్చును. పసుపు పెట్టుదురు, వేపాకు వేసి కాచిన నీటితో కడుగుదురు. అప్పటికిని తగ్గనిచో మందుల దుకాణమునుండి ఒక క్యాప్స్యూలు తెచ్చి, దానిని విప్పి, లోని పొడిని పుండుమీద చల్లుదురు.

ఆ పసుపుపచ్చని పొడి తరచుగా టెట్రాసైక్లిను జాతికి చెందినదై ఉండును. ఆ జాతిలో మొట్టమొదటి మందు ఒక తెలుగువాని ఆధ్వర్యమున నడచిన పరిశోధనాలయములో పుట్టినది. అది వెలువడిన నాడు వ్రణక్రిములకు కాలము చెల్లినదని తలచినవారు పెక్కురు. నేడు ఆ క్రిములలో అనేకము దానికి లొంగుట లేదు. పుండును మానుట లేదు. ఇందుకు కారణము మందులోని లోపమా, క్రిమి నేర్పా, లేక మనుష్యుడు మందును వాడిన తీరా? సమాధానము కొరకు కాలిపుండు చరిత్రను, ఆ మందు చరిత్రను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

పుండు ఏల మానదు?

వ్రణచికిత్స మన దేశమున అతి ప్రాచీనమైన విద్య. సుశ్రుతసంహితలోని చికిత్సాస్థానము వ్రణములతోనే ప్రారంభమగును. అందు వ్రణమునకు 60 విధములైన ఉపక్రమములు చెప్పబడినవి. కడుగుట, చెడిన మాంసమును తొలగించుట, కట్టుకట్టుట అందులోనివే. గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు పేరిట వెలసిన గ్రంథములలో, కాలియందు పుండు గలవాడు నిలుచుండుట మంచిది కాదను హెచ్చరిక కలదు. క్రిమి యన్న ఊహయే లేని కాలమున వారు చూచి తెలిసికొన్న విషయమిది.

దీని మర్మము రక్తప్రసరణములో ఉన్నది. గుండెనుండి ధమనుల ద్వారా పాదమునకు దిగిన రక్తము సిరల ద్వారా మరల పైకి ఎక్కవలెను. నిలుచున్న మనుష్యునిలో అది భూమ్యాకర్షణకు ఎదురీదవలసియున్నది. పిక్క కండరములు నడకలో బిగిసినప్పుడెల్ల సిరలను నొక్కి రక్తమును పైకి నెట్టును. నెట్టిన రక్తము క్రిందికి జారకుండ సిరలలో చిన్నచిన్న కవాటములు కలవు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణమును నిరూపించినపుడు ఈ కవాటములనే ముఖ్యసాక్ష్యముగా చూపెను. కవాటములు చెడినచో రక్తము చీలమండవద్ద నిలిచిపోవును. సిరలు ఉబ్బును, కాలు వాచును, చర్మమునకు పోషణము తగ్గును. అట్టి చోట దెబ్బ తగిలినచో మానుటకు కావలసిన సామగ్రి చర్మమునకు అందదు. గంటలకొలది కదలక నిలుచుండి చేయు పనులు ఈ లోపమును పెంచును.

కాలిపుండ్లలో అధికభాగము ఈ సిరాదోషము వలన కలుగునవే. మధుమేహమువలన, కుష్ఠువలన పాదమునకు స్పర్శ నశించినప్పుడును, ధమనులు పూడుకొనిపోయినప్పుడును, బోదకాలు వాపువలనను పుండ్లు పుట్టును. అనగా ఈ వ్యాధులన్నిటిలో పుండుకు మూలము క్రిమి కాదు. క్రిమి తెరచియున్న తలుపునుండి లోనికి వచ్చిన అతిథి మాత్రమే. ఈ భేదమును మరచుట వలననే తరువాతి కథయంతయు నడచినది.

క్రిములు కంటబడుట

1867లో జోసెఫ్ లిస్టరు కార్బాలికామ్లముతో గాయములను శుభ్రపరచి, చీము పట్టకుండ కాపాడవచ్చునని ప్రకటించెను. స్కాట్లండు శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టను కురుపులలోని చీమును సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించి, ద్రాక్షగుత్తులవలె గుమిగూడిన గుండ్రని క్రిములను చూచెను. వానికి 1882లో స్టెఫిలోకాకస్ అని పేరిడెను. 1884లో జర్మనీకి చెందిన రోజెన్‌బాక్ బంగారువన్నెతో పెరుగు రకమును వేరుచేసి, దానికి బంగారము అను అర్థమిచ్చు ఆరియస్ అను లాటిను మాటను చేర్చెను. 1882లోనే ఫ్రాన్సుదేశమున కార్ల్ గెస్సార్డు, కొందరి కట్లు నీలిపచ్చ రంగునకు ఏల మారుచున్నవో పరిశోధించి, ఆ రంగును పుట్టించు క్రిమిని పట్టుకొనెను. అదియే నేటి సూడోమోనాస్ ఏరుగినోసా. మానని కాలిపుండ్లలో నేటికిని ప్రధానముగా కనబడునవి ఈ రెండే. వానితోపాటు ప్రోటియస్, క్లెబ్సియెల్లా, ఈ.కోలి మొదలగునవియు ఉండును.

1898లో అమెరికను వైద్యురాలు అన్నా సారా కుగ్లరు గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరచిన నాటికి ఈ క్రిముల పేర్లు తెలిసియుండెను. కాని శరీరములోనికి పోయి వానిని చంపి, శరీరమునకు హాని చేయని మందు ప్రపంచమున ఎచ్చటను లేకుండెను.

పెనిసిలిన్ రాక

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగు లండనులో ఒక బూజు స్టెఫిలోకాకస్ క్రిములను కరగించుటను చూచెను. ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు దానినుండి పెనిసిలినును శుద్ధిచేసి 1941లో మొదటిసారిగా రోగికి చికిత్స చేసిరి. అంతకు ముందటి సంవత్సరమే, 1940లో, ఆ బృందమునకు చెందిన అబ్రహాము, చైను ఒక వింతను ప్రకటించిరి. కొన్ని బాక్టీరియాలు పెనిసిలినును విరుగగొట్టు ఎంజైమును తయారుచేయుచున్నవి. మందు రోగికి చేరకమునుపే దానికి విరుగుడు ప్రకృతిలో ఉన్నదన్నమాట.

1945లో నోబెల్ బహుమతి సందర్భమున చేసిన ఉపన్యాసములో ఫ్లెమింగు ఒక ప్రమాదమును సూచించెను. చాలీచాలని మోతాదులో మందు వాడినచో క్రిములు చావక, మందును తట్టుకొనుట నేర్చుననియు, అట్టి క్రిములు పరులకు సోకుననియు ఆయన చెప్పెను. ఆ మాట నిజమగుటకు ఎంతోకాలము పట్టలేదు. లండనులోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బరు స్టెఫిలోకాకస్ క్రిములను లెక్కించెను. 1946లో నూటికి 14 పెనిసిలినుకు లొంగకుండెను. 1947లో ఆ సంఖ్య 38, 1948లో 59.

ఈ 14 అను అంకె నమోదైన 1946లోనే గుంటూరు వైద్య కళాశాల ప్రారంభమైనది. ఆంధ్రదేశమున క్రొత్తతరము వైద్యులు ఆంటిబయాటిక్కులతో చికిత్స నేర్చుకొనబోవు వేళకే, వానిలో మొదటిది పదును కోల్పోవ నారంభించినది.

భీమవరమునుండి పెర్ల్ రివరుకు

ఈ సమయముననే మరియొక మందు రంగమునకు వచ్చెను. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. ఇద్దరు సోదరులు స్ప్రూ అను విరేచనవ్యాధివలన కొద్ది దినముల తేడాతో మరణించుట ఆయన మనస్సును కలచివేసినది. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1922లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫిస్కేతో కలిసి పనిచేసెను. శరీరములోని భాస్వరమును కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. నేటికిని ఆ పద్ధతి వారి పేరనే పిలువబడుచున్నది. కండరములలో శక్తిని మోయు పదార్థములగు ఫాస్ఫోక్రియాటిను, ఏ.టి.పి.లను గూర్చియు వారు పరిశోధించిరి.

1940లో సుబ్బారావు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివరులో ఉన్న లెడర్లీ ఔషధ పరిశోధనాలయమున చేరి, తరువాత దాని పరిశోధనలన్నిటికి అధ్యక్షుడయ్యెను. పెనిసిలిను లొంగదీయలేని క్రిములకు మందు మట్టిలో దొరకవచ్చునని అనేక ప్రాంతముల మట్టిని అచటికి తెప్పించిరి. ఈ పనికి బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు నియమింపబడెను. విశ్వవిద్యాలయ ఉద్యోగమునుండి విరమించి, డెబ్బదియేండ్లు దాటిన వయస్సులో ఆయన ఈ క్రొత్త పనికి పూనుకొనెను. మిస్సోరీ విశ్వవిద్యాలయమునకు చెందిన శాన్‌బర్ను క్షేత్రము అను ప్రయోగపు పొలమునుండి వచ్చిన మట్టిలో, 1945లో, బంగారు రంగుతో పెరుగు ఒక సూక్ష్మజీవి దొరకినది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అనియు, అది ఇచ్చు మందునకు ఆరియోమైసిను అనియు పేరిడిరి. రెండు పేర్లలోను ఉన్నది ఆ బంగారమే. బంగారు క్రిమికి బంగారు మందు దొరకినట్లయినది.

1948 జులై 21న న్యూయార్కు విజ్ఞాన పరిషత్తులో ఆరియోమైసిను లోకమునకు ప్రకటింపబడెను. అది నోటిద్వారా తీసికొనదగినది. పెనిసిలినుకు లొంగు క్రిములను మాత్రమే గాక, లొంగని పెక్కింటిని కూడ అది అణచెను. టెట్రాసైక్లిను జాతికి అదియే ఆద్యము. ప్రకటన జరిగిన మూడువారములు తిరుగకుండ, ఆగస్టులో, సుబ్బారావు 53వ యేట మరణించెను. బోదకాలుకు కారణమగు ఫైలేరియా పురుగులపై పనిచేయు హెట్రజాను అను మందును 1947లో ప్రకటించినదియు ఈ పరిశోధనాలయమే. అనగా కాళ్ల వ్యాధులలో రెండింటికి ఆయుధములు ఒకే కొలిమినుండి వచ్చినవి.

మందునుండి తప్పించుకొను ఉపాయము

టెట్రాసైక్లిను క్రిమిని పగులగొట్టదు. జీవకణములో మాంసకృత్తులను అల్లు యంత్రము రైబోసోము. టెట్రాసైక్లిను బాక్టీరియా రైబోసోమునకు అంటుకొని, క్రొత్త అమైనోఆమ్లము వచ్చి చేరకుండ అడ్డుపడును. మాంసకృత్తులు లేక క్రిమి పెరుగుట ఆగిపోవును. మిగిలిన పని శరీరములోని తెల్లకణములు పూర్తిచేయును. రక్తము చక్కగా చేరని పుండులో ఆ తెల్లకణముల సహాయము కొరవడునని గుర్తుంచుకొనవలెను.

1953లోనే రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా క్రిమిలో టెట్రాసైక్లినుకు లొంగని రకము కనబడెను. 1959 నాటికి జపాను శాస్త్రజ్ఞులు మరింత ఆశ్చర్యకరమైన విషయము కనుగొనిరి. లొంగని ఈ.కోలి క్రిమిని లొంగు షిగెల్లాతో కలిపి పెంచినచో, రెండవదియు లొంగనిదగుచున్నది. నిరోధకశక్తిని నిర్ణయించు జన్యువులు ప్లాస్మిడ్లు అను చిన్న డి.ఎన్.ఏ. వలయములపై ఉండి, ఒక క్రిమినుండి మరియొక జాతి క్రిమికి దాటుచున్నవి. విద్యార్థి తాను చదివినదానిని పిల్లలకు మాత్రమే గాక, ప్రక్కయింటివారికిని నేర్పినట్లుండును ఈ పద్ధతి. 1980లో అమెరికాలో స్టూవర్టు లెవీ బృందమువారు, లొంగని క్రిమి ఆ మందును ఏమిచేయుచున్నదో తెలిపిరి. పడవలో చేరిన నీటిని తోడిపోసినట్లు, కణపు పొరలోని పంపు ఒకటి టెట్రాసైక్లినును ఎప్పటికప్పుడు బయటికి నెట్టివేయుచున్నది.

ఇచట ఒక అపోహ తొలగవలెను. మందునకు అలవాటుపడునది రోగి శరీరము కాదు. వేలకోట్ల క్రిములలో ఏ ఒకటి రెండింటికో ఆ శక్తి ముందే ఉండును. మందు తక్కిన వానినెల్ల చంపి, వీనికి చోటు ఖాళీచేయును. ఇది డార్విను చెప్పిన ప్రకృతివరణమే. వేలయేండ్లు పట్టు మార్పు క్రిములలో దినములలో జరుగును.

కోళ్లగూటికి, ప్రత్తిచేలకు

ఆరియోమైసిను కథ ఆసుపత్రితో ముగియలేదు. మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లల మేతలో కలిపినచో అవి త్వరగా బరువు పెరుగునని లెడర్లీలోనే జూక్సు, స్టోక్‌స్టాడులు 1950 ప్రాంతమున కనుగొనిరి. కొద్దికొద్ది మోతాదులో ఆంటిబయాటిక్కులను పశువులకు, కోళ్లకు మేపుట ప్రపంచమంతట ప్రబలెను. ఫ్లెమింగు వద్దన్న పని ఇదియే. లెవీ మసాచుసెట్సులోని ఒక కోళ్లక్షేత్రములో పరీక్షించి 1976లో ఫలితములను ప్రకటించెను. టెట్రాసైక్లిను కలిపిన మేత తిన్న కోళ్ల ప్రేవులలో ఒకటి రెండు వారములలోనే లొంగని క్రిములు నిండెను. కొన్ని నెలలకు, మందు ముట్టని ఆ రైతుకుటుంబమువారి ప్రేవులలోను అట్టి క్రిములు పెరిగెను.

తెలుగుదేశపు పొలములకును ఈ మందు చేరినది. ప్రత్తిలో నల్లమచ్చ తెగులుకు, మిరపలో బాక్టీరియా ఆకుమచ్చ తెగులుకు రాగిమందుతో కలిపి చల్లు పొడులలో ప్రసిద్ధమైనది స్ట్రెప్టోమైసిను, టెట్రాసైక్లినుల మిశ్రమమే. నూటికి 90 పాళ్లు మొదటిది, 10 పాళ్లు రెండవది. మట్టిలో దొరకిన మందు మరల మట్టికే చేరినది. కాని ఇప్పుడది మట్టిలోని క్రిములకు పాఠము చెప్పుచున్నది. ఈ మిశ్రమమును వ్యవసాయములో నిషేధించు ఉద్దేశముతో కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించెను.

ఔషధములు తయారగు చోటను ఇట్టి ప్రమాదమే కలదు. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు హైదరాబాదు సమీపమున పటాన్‌చెరువులో, సుమారు 90 మందుల కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేసి వదలు కేంద్రమువద్ద పరీక్షలు జరిపిరి. వెలుపలికి వచ్చు నీటిలో సిప్రోఫ్లాక్సాసిను లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. దినమునకు సుమారు 45 కిలోల మందు ఆ నీటిలో పోవుచున్నదని వారి లెక్క. 90 లక్షల జనాభాగల స్వీడను దేశమంతయు అయిదు దినములలో వాడు మందుకు అది సమానము.

ఒక పాదవ్రణము చెప్పిన పాఠము

పెనిసిలినును విరుచు స్టెఫిలోకాకస్ కొరకు మెథిసిలినును తయారుచేసిరి. 1961లోనే ఇంగ్లండులో పాట్రీషియా జెవన్సు దానికిని లొంగని రకమును ప్రకటించెను. మెథిసిలినుకు లొంగని ఆ క్రిములకు చివరి ఆయుధముగా మిగిలినది వాంకోమైసిను. 1958లో వాడుకలోనికి వచ్చిన ఈ మందు నలుబది యేండ్లకు పైగా ఆ పదవిని నిలుపుకొనెను.

2002 జూనులో అమెరికాలోని మిషిగను రాష్ట్రమున ఆ నమ్మకము చెదరినది. మధుమేహముతోను, మూత్రపిండముల వైఫల్యముతోను బాధపడుచున్న ఒక రోగికి దీర్ఘకాలముగా పాదవ్రణములుండెను. ఎన్నో ఆంటిబయాటిక్కులు వాడియుండిరి. ఆమె డయాలిసిసు గొట్టము చొప్పించిన చోటను, పాదవ్రణములోను వాంకోమైసినుకు పూర్తిగా లొంగని బంగారు స్టెఫిలోకాకస్ దొరకెను. ఆ పుండులోనే అంతకుముందే వాంకోమైసినుకు లొంగని ఎంటెరోకాకస్ అను ప్రేవుక్రిమియు నివసించుచుండెను. రెండవదాని జన్యువు మొదటిదానికి దాటినట్లు పరీక్షలలో తేలినది.

మానని పుండు ఇట్టి మార్పిడికి అనువైన సంత. పలుజాతుల క్రిములు ఒకేచోట నెలలకొలది కాపురముండును. పైన మందు మాటిమాటికి పడుచుండును. అంతేగాక అవి విడివిడిగా తిరుగక, తాము స్రవించిన జిగురుపొరలో కలిసి స్థిరపడును. చెరువుమెట్ల మీది పాచివంటి ఈ పొరకు బయోఫిల్ము అని పేరు. మందు ఆ పొరలోనికి చక్కగా చొరలేదు. లోపలి క్రిములు మందకొడిగా ఉండుటచేత మందు వానిపై సరిగా పనిచేయదు. 2008లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో 50 దీర్ఘకాలిక వ్రణములలో 30 చోట్ల ఈ పొర కనబడినది. 16 క్రొత్తగాయములలో ఒక్కదానియందే కనబడినది.

పుండును మాన్పునది ఏది?

పుండుమీద క్రిమి ఉన్నంతమాత్రమున అది క్రిమివ్యాధి కాదు. ఏ పుండునుండి దూదితో తుడిచి పరీక్షించినను క్రిములు కనబడును. ఎరుపు చుట్టునకు ప్రాకుట, వేడి, వాపు, నొప్పి హెచ్చుట, చీము, జ్వరము కనబడినపుడు మాత్రమే క్రిములు కణజాలములోనికి చొచ్చుకొనిపోవుచున్నవని వైద్యులు ఎంచుదురు. అపుడు ఆంటిబయాటిక్కు అవసరము, ఆలస్యము ప్రమాదకరము. పరీక్షశాలలో ఏ క్రిమి ఏ మందుకు లొంగునో తెలిసికొని, వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని దినములు వాడవలెను. ఆ లక్షణములు లేని పుండుకు ఆంటిబయాటిక్కులు ఇవ్వరాదని 2020లో ఇంగ్లండు ఆరోగ్యసంస్థ వైద్యులకు సూచించెను. క్యాప్స్యూలు విప్పి చల్లు పొడి ఈ రెండు సందర్భములలోను పనికిరాదు. క్రిములను నిర్మూలించుటకు తగినంత మందు లోతునకు చేరదు. లొంగనివానిని ఎన్నుకొనుటకు మాత్రము చాలును.

పుండును మాన్పునది దాని మూలమునకు చేయు చికిత్స. సిరాదోషమైనచో చీలమండవద్ద సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసపు ఒత్తిడి కలుగునట్లు పాదమునుండి మోకాలివరకు సాగుడు కట్టు కట్టుదురు. చెడిన కవాటముల పనిని ఆ కట్టు కొంతవరకు చేయును. ధమనులు పూడుకొన్న కాలికి ఇట్లు బిగించుట అపాయకరము. కనుక ముందుగా పాదములో రక్తప్రసరణమును వైద్యునిచే పరీక్షింపజేయవలెను. కూర్చుండునపుడు కాలు ఎత్తిపెట్టుట, నడచుట, పిక్కలను కదలించుట మేలుచేయును.

స్పర్శలేని పాదముల విషయమున చిత్తూరు జిల్లాకు పొరుగుననున్న వేలూరులో జరిగిన పరిశోధన ప్రసిద్ధమైనది. 1946లో అచటికి వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండు కుష్ఠురోగుల అరికాలిపుండ్లను పరిశీలించి, అవి కుష్ఠుక్రిమి తినివేయుటవలన గాక, నొప్పి తెలియని పాదముపై మరల మరల పడు ఒత్తిడివలన కలుగుచున్నవని గ్రహించెను. కాలికి ప్లాస్టరు కట్టు వేసి ఒత్తిడిని పంచినచో పుండ్లు మానుచుండెను. నేడు మధుమేహరోగుల పాదములకును ఈ సూత్రమునే పాటించుచున్నారు. బోదకాలు గలవారు దినదినము సబ్బుతో, మంచినీటితో కాలు కడిగి, వ్రేళ్ల సందులు ఆరునట్లు తుడుచుకొనినచో మాటిమాటికి వచ్చు జ్వరము, వాపు తగ్గుననియు తేలినది.

2019లో ఆంటిబయాటిక్కులకు లొంగని బాక్టీరియావలన నేరుగా 12.7 లక్షల మరణములు సంభవించినట్లు అంతర్జాతీయ శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. సుబ్బారావు వంటివారు జీవితములు ధారపోసి సంపాదించిన మందులు నూయిలోని నీటివంటివి. ఒకడు వృథా చేసినచో ఊరందరికి కొరవడును. ప్రత్తిపాడు పాఠశాలలోని విద్యార్థి ఇంటిలో కాలిపుండుతో బాధపడు పెద్దవారున్నచో, అతడు చేయదగిన పని స్పష్టమే. మందుల దుకాణమునకు పరుగెత్తి క్యాప్స్యూలు తెచ్చుట కాదు. ఆ కాలిని కాచి చల్లార్చిన నీటితో శుభ్రముగా కడిగి, పరిశుభ్రమైన గుడ్డ కట్టి, పుండుతోపాటు సిరలను, ధమనులను, రక్తములోని చక్కెరను పరీక్షించు వైద్యునివద్దకు వారిని తోడ్కొనిపోవుటయే.